దిద్దుబాటు పక్కన పొట్టి సంతకం

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు ఫోన్ చేసి "ఈసారి సభలో మీరు కూడా మాట్లాడాలండీ" అనగానే డి.ఎ. బకాయిల మీద కాబోలు అని హడలిపోయాను. ఆ లెక్కలు నాకు ఏనాడూ తేలలేదు. "కాదండీ, మీ పాత ఫ్యాన్ల సంగతి చెప్పండి చాలు" అన్నారు. బతికాననుకున్నాను.

మనం ఈ రోజు ఇక్కడ చేరడం నకారా గారి కేసులో 1982 డిసెంబరు 17న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు పుణ్యం. పెన్షను దయతో పడేసే భిక్ష కాదని, ఫలానా తేదీకి ముందు దిగినవాడు, తరవాత దిగినవాడు అని పెన్షనర్లను చీల్చరాదని ఆ తీర్పు సారాంశం. నా ఫ్యాన్ల పక్షాన మాత్రం ఏ కోర్టూ తీర్పు ఇవ్వలేదు. వాటిని వయసు చూసే తీసి పారేశారు. పారేసిన వాళ్లలో నేనూ ఒకణ్ణి. అక్కణ్ణుంచే మొదలుపెడతాను.

నేను 1970లో ఎల్.డి.సి.గా చేరాను. ఆఫీసు పేరెందుకు లెండి, మన జిల్లాలోదే. దొరల కాలం నాటి మిద్దె. పై దూలాలకు పాత గుడ్డ పంకా వేలాడదీసిన ఇనుప కొక్కేలు అప్పటికీ ఉండేవి. బయట వరండాలో కూర్చుని తాడు లాగే పంకా మనిషి పోస్టు పోయి చాలా ఏళ్లయింది, కొక్కేలు మాత్రం మిగిలాయి. వాటి పక్కనే నల్లటి సీలింగు ఫ్యాను, గోడకు దాని రెగ్యులేటరు పెట్టె. ఆ పెట్టెలో ఉన్నది నిరోధక తీగ చుట్టలే. స్పీడు తగ్గిస్తే మిగిలిన కరెంటు అక్కడ వేడిగా పోతుంది తప్ప మీటరు దగ్గర పెద్దగా మిగిలేదేమీ ఉండదు. వానాకాలంలో తడిసిన రుమాళ్లు దాని మీద ఆరేసుకునేవాళ్లం. ఇది పెద్ద ఉపకారమే.

నాలుగైదేళ్లకు స్టాకు రిజిస్టరు నా సీటుకు వచ్చింది. ఏటా పనికిరాని సామాను జాబితా రాయాలి, కండెమ్నేషనుకు పెట్టాలి, వేలం వేయాలి. "టేబుల్ ఫ్యానులు, పాతవి, మరమ్మతుకు లాయకీ లేనివి, 7" అని రాసిన చెయ్యి ఇదే. మరమ్మతుకు లాయకీ ఉన్నవో లేవో ఒక్కదాన్ని కూడా తిప్పి చూడలేదు. పాత సామాన్ల వ్యాపారి వచ్చి మా వరండాలోనే సుత్తితో పగలగొట్టుకున్నాడు. ఇత్తడి ఒక కుప్ప, రాగి ఒక కుప్ప, పోత ఇనుము ఒక కుప్ప. కిలోల లెక్కన తూచి పట్టుకుపోయాడు.

ఈ సంగతి ఎందుకు చెప్పానంటే, ఇవాళ పాత ఫ్యాను ఎవరింట్లో దొరికినా దానికి ఏం లేకుండా ఉంటుందో చూడకుండానే చెప్పవచ్చు. ఇనుప దిమ్మ ఉంటుంది. మోటారు డొప్ప ఉంటుంది. ఇత్తడి రెక్కలు ఉండవు. జాలీ నడిమధ్య ఉండే కంపెనీ బిళ్ల ఉండదు. నూనె పోసే గిన్నె ఇత్తడి మూత ఉండదు. ధర పలికేవన్నీ ముందే పోయి ఉంటాయి. కష్టం వచ్చిన ఇంట్లో ఏది ముందు బయటికి వెళుతుందో మీకు నేను చెప్పాలా?

2006లో రిటైరయ్యాక నాకు కూర్చోవడం చేతకాలేదు. మా వీధి చివర మోటార్లు చుట్టే మేస్త్రీ కొట్టు ఉంది. పొద్దున్నే పేపరు చదవడానికి వెళ్లి అక్కడే ఉండిపోయేవాణ్ణి. చూసి చూసి ఆయనే ఒకరోజు "గురువుగారూ, ఊరికే కూర్చోకపోతే ఈ బుష్షులు కిరసనాయిలులో కడగొచ్చు కదా" అన్నాడు. ముప్పై ఆరేళ్ల సర్వీసు తరవాత అలా మళ్లీ అప్రెంటిసుగా చేరాను. ఇప్పుడు నాకు డెబ్బయి ఏడు. ఇంకా ప్రొబేషను డిక్లేరు చేయలేదు.

అందులో నేర్చుకున్నది చెబుతాను. పాత ఫ్యానుకు ఒక సామాను లేకపోతే, దాని లాంటిదే ఇంకో ఫ్యానుది తెచ్చి తగిలిస్తే సరిపోతుందని అందరూ అనుకుంటారు. కంటికి సరిపోయింది చేతికి సరిపోదు, చేతికి సరిపోయింది మోటారుకు సరిపోదు. షాఫ్టు సంగతే చూడండి. పాత ఇంగ్లీషు, అమెరికా ఫ్యాన్లన్నీ అంగుళాల కొలత. అంగుళంలో పదహారో వంతులు అయిదు అంటే 7.94 మిల్లీమీటర్లు. దానికి 8 మిల్లీమీటర్ల రంధ్రం ఉన్న రెక్కల బొడ్డు హాయిగా ఎక్కేస్తుంది. ఎక్కింది కదా అని సంబరపడతాం. తేడా వెంట్రుకంత. నిమిషానికి వెయ్యి చుట్లు తిరిగేటప్పుడు ఆ వెంట్రుకే గణగణమని కొడుతుంది, బుష్షును తినేస్తుంది. లేతు మీద పలచని తొడుగు చేయించి వేయాలి.

మరలూ అంతే. పాత ఇంగ్లీషు చిన్న స్క్రూలకు బి.ఎ. అని ఒక వరుస ఉంది. అందులో సున్నా నంబరు సరిగ్గా 6 మిల్లీమీటర్ల లావు, మిల్లీమీటరుకు ఒక చుట్టు. మన బజారులో దొరికే 6 మిల్లీమీటర్ల స్క్రూ కూడా అంతే. కాని మర కోణం వేరు, పాతదానికి నలభై ఏడున్నర డిగ్రీలు, కొత్తదానికి అరవై. వెళుతుంది, బిగిసినట్టే ఉంటుంది, అదురుకు వదులవుతుంది. రెక్క పట్టే స్క్రూ వదులైతే ఏమవుతుందో ఊహించుకోండి. ఒకసారి వంపు ఎదురుగా ఉన్న రెక్కలు తగిలించి, ఫ్యాను ముందు కూర్చుని గాలి రాలేదేమిటా అని అరగంట చూశాను. గాలి గోడకు వెళుతోంది. మా ఆవిడ వెనకనించి వచ్చి, "ఇటు బాగానే వస్తోందండీ" అంది.

ఇక అసలు విషయానికి వస్తాను.

నాతోపాటు ఒకే సెక్షనులో పనిచేసిన మిత్రుడు ఒకాయన నాలుగేళ్ల కిందట కాలం చేశారు. ఆయన శ్రీమతి గారు ఈ సభలోనే ఉన్నారు, వారి అనుమతి తీసుకునే చెబుతున్నాను. ఒకరోజు ఆటోలో ఒక ఫ్యాను వేసుకుని వచ్చారు. "అన్నయ్యగారూ, ఇది మళ్లీ తిరుగుతుందేమో చూస్తారా? వాళ్ల తాతగారు రంగం నుంచి తెచ్చింది" అన్నారు. మన కోస్తా వాళ్లు రంగం అంటే రంగూనే. ఆ తాతగారు అక్కడ మేస్త్రీగా చేసి, 1930ల చివర ఓడలో కాకినాడ తిరిగి వస్తూ ఈ పదహారు అంగుళాల టేబుల్ ఫ్యాను పట్టుకొచ్చారు. ఊళ్లో కరెంటే లేదు. ఫ్యాను అటక మీద కూర్చుంది. మాచ్‌ఖండ్ విద్యుత్తు మొదలైంది 1955లో, ఆ ఊరికి స్తంభాలు వచ్చేసరికి మరికొన్నేళ్లు. అంటే ఇరవై ఏళ్లు అది కరెంటు కోసం కాచుకుని ఉందన్నమాట. ఇంక్రిమెంటు కోసం మనం కాచుకున్నట్టు.

నేను చూసేసరికి జాలీ సగమే ఉంది. రెక్కలు లేవు. బిళ్ల లేదు. రెండు నూనె గిన్నెలకు ఒక్కటే మూత. వెనక రేకు మీద జి.ఇ.సి., మేడిన్ ఇంగ్లండ్, 200/220 వోల్టులు అని అరిగిపోయిన అక్షరాలు. వైండింగు మాత్రం పాతదే, నూలు చుట్టిన తీగ. సీరీసు బల్బు పెట్టి చూస్తే బాగానే ఉంది. ఎనభై ఏళ్ల నాటి వైండింగు చెక్కుచెదరకుండా దొరకడం నాకదే మొదటిసారి.

రెక్కల కోసం తిరిగాను. మా అబ్బాయి దగ్గరికి హైదరాబాదు వెళ్లినప్పుడు జుమ్మేరాత్ బజారులో నాలుగు ఇత్తడి రెక్కల చక్రం ఒకటి కనబడింది. "జి.ఇ.వి సార్, అదే కంపెనీ" అన్నాడు అమ్మేవాడు. తీసుకున్నాను. అమెరికా జి.ఇ. వేరు, ఇంగ్లండు జి.ఇ.సి. వేరు. ముప్పై ఆరేళ్లు కాగితాల్లో అక్షరం తేడాలు పట్టుకున్న గుమాస్తాను, అక్కడ ఒక్క అక్షరం చూసుకోలేకపోయాను. పైగా ఎవరో అంతకుముందే దాని రంధ్రాన్ని 8 మిల్లీమీటర్లకు బోరు చేయించి ఉన్నారు. దానికి తొడుగు వేయించాను. మహా తెలివిగా చేశాననుకున్నాను.

కాని ఆ రెక్కల ఏటవాలు ఎక్కువ. ఎక్కువ వాలుంటే ఎక్కువ గాలి తోస్తుంది, మోటారు మీద ఎక్కువ బరువు పడుతుంది. మోటారు ఆ బరువుకు తయారైంది కాదు. దానికి తోడు 220 వోల్టుల మోటారుకు మన ఇంట్లో 240 దాకా వస్తుంది. తిరిగింది. చల్లగా, గంభీరంగా తిరిగింది. నేను భోజనానికి వెళ్లాను. పెరుగన్నం దగ్గరుండగా వార్నీషు కాలిన వాసన వచ్చింది.

ఎనభై ఏళ్లు నిలిచిన వైండింగు నా చేతిలో రెండు గంటలు నిలవలేదు.

మేస్త్రీ విప్పి చూసి, "పోనీలెండి గురువుగారూ, కొత్త తీగ చుట్టేద్దాం. పైన నల్లరంగు కొడితే ఎవరికి తెలుస్తుందండీ?" అన్నాడు. నిజమే. ఎవరికీ తెలియదు. ఆవిడకు అసలే తెలియదు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదంటే అతిశయోక్తి అవుతుంది, పట్టింది, కాని తెల్లవారుజామున మెలకువ వచ్చింది. మన ఆఫీసుల్లో ఒక కట్టడి ఉండేది, మీ అందరికీ గుర్తే. రిజిస్టరులో తప్పు పడితే గీకకూడదు, తెల్లరంగు పూయకూడదు. తప్పు కనబడేలా ఒక్క గీత కొట్టి, పక్కన ఒప్పు రాసి, పొట్టి సంతకం, తేదీ వేయాలి. కొట్టివేతకు సంతకం లేకపోతే ఆడిటు వాళ్లు ఊరుకునేవారా? కొత్తగా వచ్చిన కుర్రాళ్లకు నేనే ఎన్నిసార్లు చెప్పి ఉంటానో లెక్కలేదు.

అప్పుడే ఆ పద్ధతి పెట్టుకున్నాను. నా చేతికి వచ్చిన ప్రతి ఫ్యాను దిమ్మ కింద ఒక కాగితం అంటిస్తాను. ఏది అసలుది, ఏది వేరే ఫ్యానుది, ఏది కొత్తగా చేయించింది, ఎప్పుడు, ఎందుకు. కింద పొట్టి సంతకం. బజారులో కొత్తగా పోతపోసిన కంపెనీ బిళ్లలు అమ్ముతారు, అవి నేను పెట్టను. బిళ్ల పోయిన చోట నున్నటి ఇత్తడి బిళ్ల ఉంటుంది, మీద ఏ పేరూ ఉండదు.

ఆ ఫ్యానును మళ్లీ మొదటినుంచి చేశాం. మేస్త్రీ పాత కాయిళ్లు కోసి, ఒక్కొక్క చుట్టూ లెక్కపెట్టి, తీగ లావు కొలిచి, అవే చుట్లు ఎనామిలు తీగతో చుట్టాడు. రెక్కల మాదిరి కోసం ఊరంతా వాకబు చేస్తే, ఒక ప్లీడరు గారి ఇంట్లో అదే రకం ఫ్యాను ఉందని తెలిసింది. వారింటికి వెళ్లి బ్రౌను కాగితం మీద రెక్క అచ్చు గీసుకున్నాను, మా మనవడి కంపాసు పెట్టెలోని కోణమానినితో వాలు కొలుచుకున్నాను. ఆ కాగితం పట్టుకుని అజ్జరం వెళ్లాను. ఇత్తడి పనికి పేరుపడ్డ ఊరు కదా. అక్కడ కంచర పనివారు 18 గేజి రేకు, అంటే సుమారు 1.2 మిల్లీమీటర్ల మందం, కోసి, చెక్క దిమ్మ మీద కొట్టి వంపు తెచ్చారు. "బిందెలు చేశాం, గంటలు చేశాం, గాలి రెక్కలు ఇదే మొదలు" అని నవ్వారు. ఇంటికి తెచ్చి కంసాలి తూకంలో వేస్తే ఒకటి తొమ్మిది గ్రాములు ఎక్కువ. అంచు ఆకురాయితో రాసి తగ్గించాను. బొడ్డుకు బిగించాక షాఫ్టును రెండు కత్తి అంచుల మీద పెట్టి వదిలితే బరువైన రెక్క కిందికి వచ్చి ఆగుతుంది. ఎక్కడ వదిలితే అక్కడే నిలిచేదాకా రాస్తూ ఉండాలి. దానికి నాకు మూడు రోజులు పట్టింది.

కాగితం రాయడానికి కూర్చున్నాను. దిమ్మ, మోటారు డొప్ప, షాఫ్టు: అసలువి. వైండింగు: కొత్తది, నా పొరపాటు వల్ల పాతది కాలినది. జాలీ: సగం కొత్త తీగ. తరవాత రెక్కలు. "అసలు రెక్కలు" అని రాసి కలం ఆగిపోయింది.

ఎందుకంటే అవి ఏమయ్యాయో నాకు తెలుసు. 1972 డిసెంబరు నుంచి 1973 మార్చి దాకా జై ఆంధ్ర ఉద్యమంలో ఎన్జీవోల సమ్మె మీలో చాలామంది చేసినదే. వంద రోజుల పైన జీతం లేదు. ఫిబ్రవరిలో ఒక సాయంత్రం మా మిత్రుడు గోనెసంచి పట్టుకుని మా గదికి వచ్చాడు. ఇద్దరం కలిసి ఇత్తడి సామాన్ల కొట్టుకు వెళ్లాం. రెక్కలు, జాలీ ముందు భాగం, బిళ్ల అన్నీ తూకానికి పోయాయి. వచ్చేటప్పుడు "మా ఆవిడకు చెప్పకురా. పాలిషుకు ఇచ్చానని చెబుతాను. జీతాలొచ్చాక కొత్తవి వేయిద్దాం" అన్నాడు. నేను సరేనన్నాను. జీతాలు వచ్చాయి, అప్పులు తీరాయి, రెక్కలు మాత్రం రాలేదు. ఆ పాలిషు కొట్టువాడు మోసం చేశాడని వాళ్లింట్లో ఒక కథ స్థిరపడిపోయింది. యాభై ఏళ్లు నేను ఆ కథకు తల ఊపుతూ వచ్చాను.

ఇప్పుడు నా చేతిలో కాగితం ఉంది. "అసలు రెక్కలు లభ్యం కాలేదు" అని రాయవచ్చు. అబద్ధం కాదు. మనం అలాంటి వాక్యాలు ఎన్ని రాయలేదు! కాని వైండింగు విషయంలో నా తప్పు ఒప్పుకుని, ఆ పక్క వరుసలోనే ఇది రాయడానికి చెయ్యి ఆడలేదు. చనిపోయిన స్నేహితుడికి ఇచ్చిన మాట ఒకవైపు. రెండు రోజులు ఖాళీ ఉంచాను. చివరికి "అసలు రెక్కలు 1973 ఫిబ్రవరిలో అమ్మబడినవి. ఇవి అజ్జరంలో చేయించినవి" అని రాసి సంతకం చేసి, అంటించకుండా జేబులో పెట్టుకుని, ఫ్యాను వాళ్లింటికి తీసుకెళ్లాను.

ముందు వైండింగు సంగతి చెప్పాను. "పోనీండి, తిరుగుతోంది కదా" అన్నారు. తరవాత కాగితం ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని నిదానంగా చదివారు. నాకు ఆవిడ మొహం వంక చూసే ధైర్యం లేక రెగ్యులేటరు తిప్పుతూ కూర్చున్నాను.

"నాకు తెలుసన్నయ్యగారూ" అన్నారు. "జీతం లేని నెలలో ఇంటికి బస్తాడు బియ్యం వస్తే ఎక్కణ్ణుంచి వచ్చాయో తెలియదా? ఆయన చెప్పలేదు, నేనడగలేదు. ఇది ఇలాగే అంటించండి."

అంటించాను. ఫ్యాను వేశాం. కాసేపు విని, "ఆయన ఉన్నప్పుడు కొద్దిగా గుర్రుమనేది, ఇప్పుడా చప్పుడు లేదు" అన్నారు. చప్పుడు పోయినందుకు సంతోషించారో లేదో నేను అడగలేదు.

ఇక మీ ఇళ్లలో పాత ఫ్యాన్లున్న వారికి ఒకటి రెండు ముక్కలు. నేను పాతదనం అంటూ ఇంతసేపు మాట్లాడాను గాని, కొన్నింటి విషయంలో పాతది ఉంచకూడదు. పాత రబ్బరు వైరు వంచితే పెళుసుగా విరుగుతుంది, అలాంటిది ఒక్క జానెడు కూడా వద్దు. పాత టేబుల్ ఫ్యాన్లకు రెండు పుల్లల ప్లగ్గే ఉంటుంది, ఒళ్లంతా ఇనుము. కొత్తగా మూడు పుల్లల ప్లగ్గు వేయించి, ఎర్తు తీగ దిమ్మకు గట్టిగా బిగించాలి. పాత జాలీల సందుల్లో పిల్లల చెయ్యి దూరిపోతుంది, ఇత్తడి రెక్క కత్తి లాంటిది. మనవలు తిరిగే ఇంట్లో అయితే లోపల సన్న జాలీ కట్టించండి, అందం పోతే పోయింది. నూనె గిన్నెలో కొబ్బరినూనె, వంటనూనె పోయకండి. కొన్నాళ్లకు జిగురైపోయి షాఫ్టును పట్టేస్తుంది. సీలింగు ఫ్యాను దింపినప్పుడు రెక్కలకు 1, 2, 3 అని గుర్తులు పెట్టి మళ్లీ అదే వరుసలో బిగించండి, మూడూ ఒకే జత అయి ఉండాలి. పైన రాడ్డులోని చీలిక పిన్ను ఒకసారి తీశాక పాతదే వంచి పెట్టకండి. రెండు రూపాయల వస్తువు, కింద పడుకునేది మనం.

అమెరికాలో ఉన్న పిల్లలు అక్కడి పాత ఫ్యాన్లు ముచ్చటపడి తెస్తున్నారు. అవి 110 వోల్టులవి, మన ప్లగ్గులో పెడితే నా వైండింగుకు పట్టినన్ని నిమిషాలు కూడా పట్టవు. వోల్టులు దించే ట్రాన్స్‌ఫార్మరు ఉన్నా, 60 సైకిళ్లకు తయారైనది మన 50 మీద మెల్లగా తిరిగి వేడెక్కుతుంది. చూడ్డానికి పెట్టుకోండి, ఎక్కువసేపు తిప్పకండి. మా అబ్బాయైతే, "నాన్నా, కొత్త బి.ఎల్.డి.సి. ఫ్యాను ముప్పై వాట్ల చిల్లరే తింటుంది, మన పాత సీలింగు ఫ్యాన్లు డెబ్బయి ఎనభై తింటాయి" అని లెక్క చెబుతాడు. లెక్క నిజమే. మా పడకగదిలో ఆ కొత్తదే ఉంది, దాచడమెందుకు.

చెల్లెమ్మ గారి ఫ్యానుకు వెనక నూనె గిన్నె మూత ఇంకా దొరకలేదు. ప్రస్తుతానికి అక్కడ ఇంజక్షను సీసా రబ్బరు మూత పెట్టాను, కాగితంలో రాశాను. నూనెకు రబ్బరు ఉబ్బుతుంది గనుక ఆరు నెలలకోసారి వెళ్లి మారుస్తున్నాను. బొటనవేలి గోరంత ఇత్తడి మూత, లోపల సన్న మర. మీ అటకల మీద, పాత డబ్బాల్లో అలాంటిది కనబడితే పారేయకండి, సంఘం ఆఫీసులో ఇచ్చినా నాకు అందుతుంది. వంటవారు తలుపు దగ్గరికి వచ్చి చూస్తున్నారు, పులిహోర సిద్ధమైనట్టుంది.